ఆంప్‌కి ఒక ప్రీసెట్, మిక్సర్‌కి ఒకటి

హన్మకొండలో కాలేజీ ఫెస్టులకు, గణపతి మండపాల ప్రోగ్రాములకు మోడలింగ్ పెడల్‌తో (రకరకాల ఆంప్లిఫయర్ల, అంటే ఆంప్‌ల శబ్దాన్ని అనుకరించే పెడల్) గిటార్ వాయించేవాళ్లకు ఒక మాట. హెడ్‌ఫోన్స్‌లో అంత బాగున్న టోన్ స్టేజీ మీద దుప్పటి కప్పినట్టు మూసుకుపోతే పెడల్‌ని తిట్టకండి. గిటార్ ఆంప్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. పెడల్‌లోని క్యాబ్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించే సెట్టింగ్) చేసేదీ అదే. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయన్నమాట. పెడల్‌ని ఆంప్‌కి కలిపితే క్యాబ్ సిమ్యులేషన్ ఆఫ్ చేయండి. ఆంప్ వెనకాల ఎఫెక్ట్స్ రిటర్న్ జాక్ ఉంటే ఇంకా మంచిది, కేబుల్ అందులోనే పెట్టండి. అప్పుడు ఆంప్ సొంత ప్రీఆంప్ (టోన్‌ని మలిచే మొదటి భాగం) అడ్డు రాదు. తేడా మీకే వినిపిస్తుంది!

సౌండ్ చూసే అన్న పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌కి లైన్ అడిగితే మాత్రం క్యాబ్ ఆన్‌లోనే ఉండాలి. లేదంటే డిస్టార్షన్ చెవుల్లో జుయ్‌మని గీరుతుంది. ఈ రెండు ప్రీసెట్లూ (పెడల్‌లో దాచుకునే సెట్టింగులు) ఇంట్లోనే సేవ్ చేసుకుని వెళ్లండి.