పుట్టుక, మరణం నమోదు: మునిసిపల్ ఆఫీసుకు వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి

బర్త్ సర్టిఫికెట్ పనిలో మొదట తేల్చుకోవాల్సింది ఏ ఊరి ఆఫీసుకు వెళ్లాలో. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు, మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదు. సొంతూరు ఏదైనా, ఆధార్‌లో ఏ అడ్రసు ఉన్నా దానితో సంబంధం లేదు. మనవైపు తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి ఈ చిక్కు చాలా ఇళ్లలో వస్తుంది. కోడలు తెనాలి ఆసుపత్రిలో కని, మూడో నెలలో బిడ్డనెత్తుకుని మార్కాపురం అత్తగారింటికి వస్తుంది. నాలుగేళ్ల తర్వాత బడిలో చేర్పించేటప్పుడు మార్కాపురం మునిసిపాలిటీలో ఎంత వెతికించినా ఆ పేరు దొరకదు. ఉంటే తెనాలి రిజిస్టర్లోనే ఉంటుంది.

ఊరి చివర బైపాస్ మీద ఉన్న ఆసుపత్రి అయితే ఇంకో సంగతి కూడా కనుక్కోవాలి. అది మునిసిపల్ హద్దులో ఉందా, పక్క గ్రామ పంచాయతీ కిందికి వస్తుందా? పంచాయతీ అయితే నమోదు చేసేది అక్కడి పంచాయతీ కార్యదర్శి. ఆ పంచాయతీ తర్వాత మునిసిపాలిటీలో విలీనమై ఉంటే పాత రిజిస్టర్లు ఎక్కడికి చేరాయో ముందే అడగండి. లేకపోతే రెండు ఆఫీసులూ మిమ్మల్ని ఒకదాని దగ్గరికి ఒకటి పంపుతూనే ఉంటాయి. 108 బండిలో, బస్సులో దారిలోనే కాన్పు అయితే ఆ బండి ఆ తర్వాత మొదట ఆగిన చోటు లెక్కలోకి వస్తుంది.

మునిసిపాలిటీలో ఈ పని చూసే సీటును 'బర్త్ అండ్ డెత్ సెక్షన్' అంటారు. చాలాచోట్ల అది ప్రజారోగ్య విభాగం కిందే ఉంటుంది. పన్నుల కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి లాభం లేదు.

21 రోజులు, బారసాల

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోగా సమాచారం ఇస్తే రుసుం ఏమీ ఉండదు. ఆసుపత్రిలో పుడితే సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆసుపత్రిదే, ఇంట్లో పుడితే ఇంటి పెద్దది. చాలామంది 21వ రోజు బారసాల చేసి, పేరు పెట్టాక వెళ్దామని ఆగుతారు. కొందరు మూడో నెలకో ఐదో నెలకో వాయిదా వేస్తారు. అంత ఆగక్కర్లేదు. పేరు గడి ఖాళీగా ఉంచి పుట్టుక నమోదు చేయించవచ్చు, పేరు తర్వాత ఎక్కించుకోవచ్చు. నమోదైన రోజు నుంచి 12 నెలల్లోగా పేరు ఎక్కించడానికి ఆలస్య రుసుం ఉండదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుం కట్టి ఎక్కించుకోవచ్చు.

అలాగని పేరు పని పదో తరగతి దాకా నానబెట్టకండి. బడిలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు పడిపోయాక సర్టిఫికెట్లో ఏది ఎక్కించాలన్న తగువు మొదలవుతుంది. ఒకసారి ఎక్కిన పేరును తీసేసి పూర్తిగా వేరే పేరు పెట్టించడం దాదాపు జరగని పని. జాతకం చూసి అక్షరం మార్చుకునే అలవాటున్న ఇళ్లవాళ్లు ఆ చర్చ ఏదో ముందే తేల్చుకోవడం మేలు.

2023లో చట్టాన్ని సవరించారు. అది ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువు చేసే పత్రం బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. బడిలో చేర్చడం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పెళ్లి రిజిస్ట్రేషన్, సర్కారు కొలువు, పాస్‌పోర్టు, ఆధార్ అన్నీ దీని మీదే నడుస్తాయి. ఇప్పుడు పెద్దవాళ్లుగా ఉన్న ఎంతోమంది పుట్టినరోజు జూన్‌లోనో జులైలోనో ఉండటానికి కారణం బడిలో చేర్చుకున్న మాస్టారు. ఈ పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

ఆసుపత్రి ఫారం: ఇక్కడే జాగ్రత్త పడాలి

సర్టిఫికెట్లో తప్పులు ఎక్కువగా మునిసిపల్ ఆఫీసులో పుట్టవు. డిశ్చార్జి హడావిడిలో, వరండాలో ఉన్న మేనమామో పెద్దమ్మో నోటిమాటగా చెప్పిన వివరాలు ఆసుపత్రి ఫారంలో ఎక్కుతాయి. అవే ఆన్‌లైన్‌లోకి వెళ్తాయి, అవే అచ్చవుతాయి. అప్‌లోడ్ కాకముందు దిద్దించడానికి ఒక్క నిమిషం చాలు. నమోదయ్యాక అదే తప్పు దిద్దించాలంటే అర్జీ, ఆధారాలు, సాక్షులు కావాలి.

అందుకే కాన్పుకు ముందే ఒక తెల్ల కాగితం మీద తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాసి, ఇద్దరి ఆధార్ జిరాక్సులకు పిన్ను కొట్టి ఉంచండి. ఫారం నింపే మనిషికి నోటితో చెప్పకుండా ఆ కాగితమే ఇవ్వండి. నింపిన ఫారం ఒకసారి చేతిలోకి తీసుకుని చదవండి, ఫోన్లో ఫొటో తీసుకోండి.

చదివేటప్పుడు వీటి మీద కన్ను పెట్టండి. తెలుగులో పేరు సరిగ్గానే ఉంటుంది, ఇంగ్లీషులో తేడా వస్తుంది. శ్రీలతను 'ఎస్ఆర్ఐ' అని మొదలుపెట్టారా, 'ఎస్‌హెచ్ఆర్ఈఈ' అనా? వెంకట సుబ్బారావును కలిపి రాశారా, విడదీశారా? ఇంటిపేరు పూర్తిగా ఉందా, ఒక్క అక్షరమే ఉందా, ముందుందా, వెనకుందా? తల్లి ఆధార్ ఇంకా పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటే ఫారంలోనూ అదే ఉండాలి. పెళ్లయింది కదా అని భర్త ఇంటిపేరు రాయిస్తే రేపు పాస్‌పోర్టు దరఖాస్తులో ఆమె ఇద్దరు మనుషులవుతుంది. రాత్రి పన్నెండు దాటాక పుట్టిన పిల్లల తేదీ ప్రత్యేకంగా చూడండి. కేసుషీట్లో ఆసుపత్రిలో చేరిన తేదీ ఒకటి, పుట్టిన తేదీ ఒకటి ఉంటాయి, అవి తారుమారు అవుతుంటాయి. ఆడ, మగ గడిని కూడా వదలకండి. కవలలకు రెండు ఫారాలు ఉండాలి.

ఫారంలో అడిగే మతం, తల్లిదండ్రుల చదువు, వృత్తి లాంటివి గణాంకాల కోసం. అవి సర్టిఫికెట్ మీద అచ్చు కావు. ఆధార్ నంబర్ల మాటకొస్తే, సవరించిన చట్టం 'ఉంటే' ఇవ్వమంది. తండ్రి పేరు చెప్పలేని, చెప్పదలచుకోని ఒంటరి తల్లికి సర్టిఫికెట్ నిరాకరించకూడదు. తల్లి ఇచ్చే అఫిడవిట్ చాలని సుప్రీంకోర్టు 2015లోనే ఆదేశించింది.

ఆసుపత్రి వాళ్లు 'పంపించేశాం' అంటే ఏ తేదీన పంపారో, దరఖాస్తు నంబరు ఎంతో రాయించుకోండి. మునిసిపాలిటీలో వెతకాలన్నా ఆ నంబరే ఆధారం. నమోదు పూర్తయిన 7 రోజుల్లోగా మొదటి సర్టిఫికెట్ ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. తర్వాత కాపీలు కావాలంటే తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలో అడగండి.

గడువు దాటితే

21 రోజులు దాటి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుం కట్టి అదే సెక్షన్లో పూర్తి చేసుకోవచ్చు. 30 రోజులు దాటి ఏడాదిలోపైతే జిల్లా రిజిస్ట్రార్ రాతపూర్వక అనుమతి కావాలి. జనన మరణాలకు వేరే జిల్లా రిజిస్ట్రార్ ఉంటారు, భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చునే ఆయన కాదు. పేరు ఒకటే కావడంతో అక్కడికి వెళ్లి తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. గతంలో ఈ దశలో నోటరీ అఫిడవిట్ తప్పనిసరి. 2023 సవరణ తర్వాత స్వయంగా ధ్రువీకరించిన పత్రం చాలు. కచేరీ ముందు టైపు మిషన్ల దగ్గర ఇంకా బాండు పేపరు కొనమంటారు. కొనేముందు సెక్షన్లో అడిగి చూడండి.

ఏడాది దాటితే పని రెవెన్యూ శాఖకు వెళ్తుంది. ముందు మునిసిపాలిటీలో రిజిస్టర్లు వెతికించి, ఆ ఏడాది రికార్డుల్లో ఈ పుట్టుక నమోదు కాలేదని పత్రం తీసుకోవాలి. దీన్ని 'నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్' అంటారు. వెతికించేటప్పుడు ఒక్క తేదీ చెప్పి ఊరుకోకండి. పిల్లవాడి పేరు లేకుండానే నమోదై ఉండొచ్చు, అందుకని తల్లి పేరుతో, అటూ ఇటూ కొన్ని నెలలు చూడమని అడగండి. చాలాసార్లు ఎంట్రీ అక్కడే ఉంటుంది, పేరు గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. అప్పుడు రెవెన్యూ గడప తొక్కక్కర్లేదు, పేరు ఎక్కించుకుంటే సరిపోతుంది.

నిజంగానే లేకపోతే ఆ పత్రం, తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు, పుట్టిన తేదీ చూపే కాగితాలు జతచేసి మీసేవలో లేదా సచివాలయంలో లేట్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. కింది సిబ్బంది విచారణకు వస్తారు, ఇరుగుపొరుగు వాంగ్మూలం తీసుకుంటారు. ఫైలు తహసీల్దారు మీదుగా, సాధారణంగా, ఆర్డీవో దగ్గరికి చేరుతుంది. గతంలో దీనికి కోర్టు మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి వచ్చేది. ఇప్పుడు చట్టమే ఈ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ (అంటే మన ఆర్డీవో), లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఇచ్చింది. ఇక్కడ జనం మరిచిపోయే మెట్టు ఒకటుంది. ఆర్డీవో ఉత్తర్వు సర్టిఫికెట్ కాదు. దాన్ని పుట్టిన ఊరి మునిసిపాలిటీలో ఇచ్చి, ఎంట్రీ వేయించుకుని, అప్పుడు సర్టిఫికెట్ తీసుకోవాలి. ఉత్తర్వును బీరువాలో దాచుకుని పని అయిపోయిందనుకుంటే రిజిస్టర్లో పేజీ ఖాళీగానే ఉంటుంది.

తప్పులు దిద్దించడం

అక్షర దోషం వేరు, విషయంలోనే తప్పు వేరు. మొదటిదాన్ని రిజిస్ట్రారే, అంటే పుట్టుక నమోదు చేసిన ఆఫీసు అధికారే, విచారించి దిద్దగలరు. రెండోదానికి, అంటే తేదీ, తల్లిదండ్రుల పేర్ల లాంటివాటికి, ఆ సంగతి తెలిసిన నమ్మకమైన ఇద్దరు వ్యక్తుల వాంగ్మూలం కావాలి. పాత ఎంట్రీని చెరిపేయరు. పక్కన మార్జిన్లో సవరణ రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు.

ఆధారాల్లో తప్పు జరగడానికి ముందటి కాగితానికే బరువెక్కువ. ఆసుపత్రి కేసుషీటు, డిశ్చార్జి కాగితం, టీకాలు వేసిన తల్లీబిడ్డ కార్డు బలమైనవి. పిల్లవాడి ఆధార్ చూపించి బర్త్ సర్టిఫికెట్ దిద్దమంటే నిలబడదు, ఎందుకంటే ఆ ఆధార్ ఈ సర్టిఫికెట్ చూసే ఇచ్చి ఉంటారు. తప్పు ఆసుపత్రిదైతే 'మా రికార్డులో ఇలా ఉంది, పొరపాటున అలా పంపాం' అని వాళ్ల లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెచ్చుకోండి. ఫైలు అక్కడే సగం కదులుతుంది. ఏళ్లు గడిచాక ఆసుపత్రి మూతపడొచ్చు, కేసుషీట్లు ఉండకపోవచ్చు, కాబట్టి ఈ ఉత్తరం సంపాదించడానికి ఆలస్యం చేయకండి.

మరణం

గడువులు అవే. ఆసుపత్రిలో పోతే సమాచారం వాళ్లే పంపాలి, మరణ కారణం రాసిన డాక్టరు పత్రం కాపీ ఒకటి దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో పోతే చివరి జబ్బులో చూసిన డాక్టరు దగ్గర ఆ పత్రం తీసుకోవాలి. దహనం లేదా ఖననం జరిగిన శ్మశానంలో రసీదు ఇస్తే పారేయకండి, విచారణలో అది పనికొస్తుంది. మంచి ఆసుపత్రి అని గుంటూరో హైదరాబాదో తీసుకెళ్తే, అక్కడ పోయిన మనిషికి దహనం సొంతూళ్లో చేసినా నమోదు మాత్రం పోయిన చోటే.

డెత్ సర్టిఫికెట్ మీద మరణ కారణం ఉండదు. చట్టమే వద్దంది. ప్రమాద బీమా కోసం కారణం రుజువు చేయాలంటే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు వేరుగా తెచ్చుకోవాలి. అందులో కారణం రాయలేదని మునిసిపల్ గుమస్తాతో గొడవపడి ప్రయోజనం లేదు. పోయిన మనిషి పేరు మాత్రం బ్యాంకు పాసుపుస్తకంలో, పొలం పాసుబుక్కులో, పెన్షన్ కాగితాల్లో ఎలా ఉందో ముందే చూసుకుని ఇవ్వండి. అన్నిచోట్లా ఒకేలా లేకపోతే డబ్బు ఎక్కువ చిక్కుకున్న చోట ఉన్న పేరును ఎంచుకోవడం తెలివైన పని.

విదేశాల్లో పుట్టిన పిల్లలు

అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు కాకుండా, తల్లిదండ్రులు ఇక్కడే స్థిరపడదామని తిరిగొస్తే, వచ్చిన తేదీ నుంచి 60 రోజుల్లోగా ఇక్కడ నమోదు చేయించవచ్చు. అది దాటితే పైన చెప్పిన ఆలస్య నమోదు దారే.

పని ఆగిపోతే

రిజిస్ట్రార్ తిరస్కరించినా, ఆయన ఇచ్చిన ఉత్తర్వు మీకు నచ్చకపోయినా జిల్లా రిజిస్ట్రార్‌కు 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఆయన 90 రోజుల్లో తేల్చాలి. దీనికోసం తిరస్కరణ కాగితం మీద కావాలి, 'కుదరదండీ' అన్న నోటిమాట పనికిరాదు. కాబట్టి మొదటిరోజే అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఇష్టపడకపోతే అదే అర్జీని కమిషనర్ పేరిట స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదును జిరాక్సు తీసి దాచుకోండి. ఆ రసీదు అచ్చు ఎండకు, కాలానికి వెలిసిపోతుంది.