చవక ట్రిగ్గర్లతో ఫ్లాష్, 4వ పాఠం: ఆ నల్ల పట్టీ తప్పు నాదే

ఈసారి ఫ్లాష్ వెలుగుని మెత్తగా చేసే గొడుగు గురించి చెప్తానన్నా కదా, అది వాయిదా. పోయిన పాఠం చూసి ప్రాక్టీస్ చేసినోళ్లలో చానా మంది ఒకటే రకం ఫొటో పంపించినారు, పైన మొహం బ్రహ్మాండంగా ఉంది, కింద నాలుగో వంతు తారు పూసినట్టు నలుపు. ఒకాయనైతే ట్రిగ్గర్ (దూరంగా పెట్టిన ఫ్లాష్‌ని కెమెరా నుంచి రేడియో సిగ్నల్‌తో కొట్టించే డబ్బా) పాడని అంగడికి పోయి గొడవపడి మార్చుకొచ్చినాడంట, కొత్తదాంట్లోనూ అదే పట్టీ. సామీ, ట్రిగ్గర్ బాగానే ఉంది, తప్పు నాది. షట్టర్ స్పీడు 1/200, అంటే సెకనులో రెండొందలో వంతు, పెట్టమని రాసేసినా. అది కెమెరా నెత్తిన ఫ్లాష్ పెట్టి చూసుకున్న లెక్క, మధ్యలో ట్రిగ్గర్ పెట్టి చూడలేదు.

షట్టర్ అంటే రెండు తెరలు. మొదటిది జరిగి సెన్సర్‌ని, అంటే బొమ్మ పడే పలకని, తెరుస్తాది, రెండోది వెనకాలే వచ్చి మూస్తాది. ఆ రెండింటి మధ్య సెన్సర్ మొత్తం తెరుచుకుని ఉండే క్షణం ఒకటుంటాది, ఫ్లాష్ అప్పుడే కొట్టాల. స్పీడు పెంచేకొద్దీ ఆ క్షణం చిన్నదైపోతాది. నెత్తిమీద ఫ్లాష్ అయితే అందుకుంటాది, కానీ చవక ట్రిగ్గర్లో సిగ్నల్ గాల్లో పోయి రిసీవర్ దాన్ని పట్టుకుని ఫ్లాష్‌కి చెప్పేసరికి రవ్వంత ఆలస్యం, ఆలోపల రెండో తెర బయల్దేరిపోయి ఉంటాది. తెర కప్పిన చోట ఫ్లాష్ వెలుగు పడదు, అంతే. తెర పైనుంచి దిగుతాది, లెన్స్ బొమ్మని తలకిందులు చేస్తాది కాబట్టి పట్టీ ఫొటోలో కింద వస్తాది. ఫ్లాష్ ఫుల్ పవర్‌కి తిప్పినా అది పోదు. 1/125కి దిగండి.

ఇంగ నాకు ఒళ్లు మండే సంగతి ఇది. కెమెరా నిలువుగా తిప్పితే పట్టీ కింద రాదు, పక్కకొస్తాది, అప్పుడు ఎవురికీ అది పట్టీ అని తట్టదు, నీడ అనుకుంటారు. నేనే ఒకసారి తిరుచానూరులో తెల్లారుజాము ముహూర్తానికి పోయి, నిలువు ఫొటోల్లో ఒక పక్క చీకటి పడతాంటే ఫ్లాష్ స్టాండ్ సరిగ్గా లేదనుకుని అయ్యవారి వెనకనుంచి ఇటూ, ఇటునుంచి అటూ మూడుసార్లు జరిపినా. పెళ్లికూతురు మేనమామ చూసి చూసి, “ఏం నాయనా, ఆ గొడుగెత్తుకుని ప్రదక్షిణ చేస్తాండావా” అన్నాడు. లైటు జరిపితే నీడ జరుగుతాది, పట్టీ కదలదు. నీడకి మనిషి ఆకారం ఉంటాది, పట్టీ ఫ్రేమ్ అంచుకి గీత గీసినట్టు నిలబడతాది. వీడియో వాళ్ల లైటు ఉన్న మండపంలో అయితే అది నల్లగా కూడా ఉండదు, పసుపుగా మబ్బుగా ఉంటాది. చంద్రగిరి కోట దగ్గర పగటి వెలుగులో కెమెరా వెనక స్క్రీన్‌లో కనపడనే కనపడదు, ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసినాక చీర కుచ్చిళ్లు ఎందుకో డల్‌గా ఉన్నాయే అనిపిస్తాది. అందుకే నేను మొహం చూడను, ముందు జూమ్ చేసి కాళ్లు చూస్తా.

1/125 అంటే అక్షింతలు గాల్లో సాగిపోవా అని ఒక చెల్లెలు అడిగింది. చీకటి మండపంలో పోవమ్మా, అక్కడ ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్. 1/8 పవర్లో అది వెయ్యో వంతు సెకను కూడా వెలగదు. ఎండలో మాత్రం కష్టమే, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని పట్టే తీరు) 100, 1/125 పెడితే ఎపర్చర్, అంటే లెన్స్ లోపలి కంత, ఎఫ్ 16 దాకా మూయాల. ఎఫ్ 2.8 అంత వెడల్పుగా తెరవాలంటే 5 స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుగు సగం) ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు పెట్టే నల్లద్దం, కొనాల. నేను కొనలేదు, సాయంత్రం ఐదు దాటినాక పిలుస్తా. హెచ్ఎస్ఎస్ (ఎక్కువ షట్టర్ స్పీడులోనూ ఫ్లాష్ పనిచేసే పద్ధతి) పెట్టమని మళ్లీ అడగొద్దండి, ఈ రకం ట్రిగ్గర్ కింద చూడండి, నడిమి పిన్ను ఒక్కటే, దానికి “కొట్టు” అని చెప్పడం తప్ప ఇంకేం రాదు.

సైలెంట్ షట్టర్ (తెరలు కదలకుండా చప్పుడు లేకుండా ఫొటో తీసేది) ఆపేసుకోండి, అది ఆన్‌లో ఉంటే చానా కెమెరాల్లో ఫ్లాష్ అసలు కొట్టదు. ఇంకోటి, సీజన్లో పక్క మండపం ఆయన కూడా ఇదే ట్రిగ్గర్ కొనుంటాడు, ఇద్దరూ ఒకటో చానెల్లో ఉంటే ఆయన బటన్ నొక్కినప్పుడల్లా మీ ఫ్లాష్ కొట్టి బ్యాటరీ ఖాళీ అయితాది. నాలుగు స్విచ్‌లకి 16 చానెళ్లు ఉన్నాయి, ఏదో ఒకటి మార్చుకోండి.

ప్రాక్టీస్. రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, తెల్లగోడ ముందు, ఫ్లాష్ సీలింగ్‌కి తిప్పి పెట్టండి. 1/100, 1/125, 1/160, 1/200, 1/250, ఒక్కోదానికి ఐదు ఫొటోలు అడ్డంగా, ఐదు నిలువుగా. మొత్తం 50. ఐదింట్లో ఒక్కదాంట్లో పట్టీ కనపడినా ఆ స్పీడు మీది కాదు. తర్వాత బ్యాటరీలు సగం అయిపోయినవి వేసి మళ్లీ 50, ఫ్లాష్ పక్కగదిలో పెట్టి ఇంకో 50. మూడింట్లోనూ నిలబడిన స్పీడు చిన్న ప్లాస్టర్ ముక్క మీద రాసి కెమెరా అడుగున అతికించండి. రెండు కెమెరాలుంటే రెండో దానికీ చేయాల, ఒకదాని నంబరు ఇంకోదానికి పనికిరాదు.