పాత కారు గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి?

పాత కారు గేర్‌బాక్స్‌కి ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద చిక్కదనం నంబరు ఒక్కటే చూసి తెచ్చేయకండి. అసలు చూడాల్సింది జీఎల్ నంబరు, అంటే ఆ ఆయిల్ ఎలాంటి గేర్లకు పనికొస్తుందో చెప్పే గ్రేడు. గేరు మార్చేటప్పుడు లోపల తిరిగే భాగాల వేగాన్ని సమం చేసే సింక్రో రింగులు ఇత్తడివైతే జీఎల్-4 పోయండి. జీఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు దాదాపు రెట్టింపు ఉంటాయి. వాటిలో కొన్ని రకాలు వేడెక్కినప్పుడు ఇత్తడిని, కంచును తినేస్తాయి. పైగా ఆ ఆయిల్‌కి జారుడు ఎక్కువ. సింక్రో రింగు పనిచేయాలంటే కాస్త రాపిడి ఉండాలి, అది తగ్గితే గేరు మార్చినప్పుడల్లా కరకరమంటుంది. జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసి ఉన్న డబ్బాల్లో సాధారణంగా జీఎల్-5 మోతాదే ఉంటుంది, నేనైతే వాటి జోలికి వెళ్లను. వెనక చక్రాలకు ఇంజిన్ శక్తిని పంచే డిఫరెన్షియల్ సంగతి వేరు, అందులో ఒకదాని మీద ఒకటి బాగా రాసుకుంటూ తిరిగే హైపాయిడ్ గేర్లకు జీఎల్-5 బాగా సరిపోతుంది.

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లాంటి కొన్ని కార్ల గేర్‌బాక్స్‌లో ఇంజిన్ ఆయిలే పోయాలి. కంగారు పడకండి, గేర్ ఆయిల్ 90, ఇంజిన్ ఆయిల్ 50 చిక్కదనంలో దాదాపు ఒకటే, కొలిచే స్కేళ్లే వేరు. మీ కారు మాన్యువల్ ఏం చెబితే అదే పోయండి.

పాత ఆయిల్ తీసే ముందు, కొత్తది పోసే బోల్టు ఊడుతుందో లేదో తప్పక చూడండి. అది తుప్పుపట్టి బిగుసుకుపోతే, ఖాళీ గేర్‌బాక్స్‌తో కారును ఎక్కడికీ నడపలేరు.