గోదావరి డెల్టాలో ఏడాది పొడవునా పచ్చగా: కంచె మొక్కలు, నేల పరుచుకునే మొక్కలు

కడియపులంక, బుర్రిలంక, వేమగిరి నర్సరీల్లో మొక్క తళతళలాడుతూ ఉండటానికి కారణం ఉంది. కవరులో ఉన్నది నీరు చకచకా ఇంకే ఎర్రమట్టి, పశువుల ఎరువు. పైన షేడ్‌నెట్, రోజూ తడి. అదే మొక్కను తెచ్చి అమలాపురంలోనో భీమవరంలోనో జిగట నల్లమట్టిలో గొయ్యి తీసి పెడితే, ఆ గొయ్యి మొదటి వానాకాలంలోనే కుండలా నీరు పట్టి వేరును కుళ్లబెడుతుంది. అందుకే డెల్టాలో ముందు ఆకు చూసి అది ఏ మొక్కో ఖాయం చేసుకోవాలి, తర్వాత మన దొడ్డిలో నీరెక్కడ నిలుస్తుందో చూసి దానికి చోటివ్వాలి. పువ్వు రంగు సంగతి ఆ తర్వాత.

ఆకుతో గుర్తుపట్టడం

నిత్యహరితం అంటే ఆకు అసలు రాలదని కాదు. కొత్త ఆకు వస్తూ ఉండగానే పాతది కొంచెం కొంచెంగా రాలుతుంది, కొమ్మ ఎప్పుడూ బోడిగా కనబడదు. పొగడ కింద ఎండాకులు పడ్డాయని కంగారుపడి ఎరువు గుమ్మరించనక్కర్లేదు.

నర్సరీలో మూడు పరీక్షలు చేయండి. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా చూడండి. తొడిమ దగ్గర ఒక ఆకు తుంచి పాలు వస్తాయేమో చూడండి. ఆ ఆకును వెలుతురుకు ఎత్తి పట్టి, నలిపి వాసన చూడండి. ఎక్కువ మొక్కలు ఈ మూడింటితోనే తేలిపోతాయి. ఒక్క జాగ్రత్త: పాలు కంట్లో పడకూడదు, చేతులు వెంటనే కడుక్కోవాలి.

ఎక్కువమంది పొరబడేది అశోకం దగ్గర. ప్రహరీల పక్కన స్తంభంలా నిటారుగా పెరిగే చెట్టును అందరూ అశోకం అంటారు, అది నరమామిడి. దాని ఆకు ఒంటి ఆకు, పొడవుగా, అంచు అలలు తిరిగి ఉంటుంది. పువ్వు లేతాకుపచ్చ నక్షత్రంలా ఉంటుంది. అసలైన అశోకానికి ఒక ఈనె మీద నాలుగైదు జతల చిట్టి ఆకులుంటాయి, ముదురు కొమ్మల మీదే నారింజ రంగు పూగుత్తులు వస్తాయి. రెండింటి లేత చిగుళ్లూ రాగి రంగులో వేలాడతాయి కాబట్టి చిగురును నమ్మొద్దు, ముదురాకునే చూడండి. ఈ తేడాతో చోటు కూడా మారిపోతుంది. అశోకానికి కొంచెం నీడ, ఎప్పుడూ చెమ్మ కావాలి. నరమామిడి ఎండకు ఓర్చుకుంటుంది కానీ, నీటిమట్టం పైనే ఉన్న చోట వేరు లోతుకు దిగదు. పొడవెక్కాక తుపాను గాలికి ఒరిగే చెట్టు అదే. ఇంటికి, కరెంటు తీగలకు దూరంగా పెట్టండి.

పొన్న ఆకు ఎదురెదురుగా, దళసరిగా, నూనె రాసినట్టు ఉంటుంది. నడిమి ఈనె నుంచి అంచుకు దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా సన్నని గీతలుంటాయి. తుంచితే పాలు వస్తాయి. ఉప్పుగాలికీ ఇసుకకూ ఇంతగా ఓర్చే చెట్టు అంతర్వేది, ఓడలరేవు తీరానికి మరొకటి వెతకడం కష్టం. పొగడకూ పాలుంటాయి గాని, ఆకు ఒకటి విడిచి ఒకటి వస్తుంది, అంచు కాస్త అలలుగా ఉంటుంది. ఎదుగుదల నిదానం. రాలిన పువ్వు ఎండినా వాసన పోదు. నీడకూ అందానికీ ఒకే చెట్టు పెట్టాలంటే మా ఓటు పొగడకే.

పొదల్లో నందివర్ధనం, గార్డెనియా ఒకేలా అనిపిస్తాయి. నందివర్ధనం తుంచితే తెల్లని పాలు, గార్డెనియాకు పాలు లేవు. నూరువరహాలకూ పాలు లేవు. ఎదురెదురు ఆకుల తొడిమల మధ్య కొమ్మ మీద చిన్న ముల్లులాంటి మొన కనిపిస్తుంది. నర్సరీవాళ్లు కామినీ అని పిలిచే మొక్కకు మూడు నుంచి తొమ్మిది చిట్టి ఆకులుంటాయి. వెలుతురుకు పెడితే సూదితో పొడిచినట్టు చుక్కలు, నలిపితే నారింజ తొక్క వాసన. నిమ్మతోట పక్కన మాత్రం దీన్ని పెట్టొద్దు. నిమ్మజాతికి గ్రీనింగ్ తెగులు మోసే సిల్లా పురుగు కామినీ చిగుళ్ల మీద బాగా పెరుగుతుంది. గన్నేరుకు ఒక్కో కణుపు దగ్గర మూడేసి సన్నని ఆకులుంటాయి. మొక్కంతా విషమే. పశువుల పాక దగ్గర పెట్టొద్దు, కత్తిరించిన కొమ్మలు పొయ్యిలో వెయ్యొద్దు.

సైప్రస్‌లా పొలుసుల ఆకులుండే మోర్‌పంఖీ చూడముచ్చటగా ఉంటుంది. అయితే వేరు తడిలో మునిగితే లోపలినుంచి గోధుమరంగుకు తిరుగుతుంది, ఆకు లేని ముదురు కొమ్మ దాకా కత్తిరిస్తే మళ్లీ చిగురించదు. పెట్టాలనుకుంటే కుండీలో పెట్టుకోండి.

నీరు ఇంకుతుందో లేదో

నాటే చోట ఒకటిన్నర అడుగుల లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ నింపి, ఒక పుల్లకు గుర్తు పెట్టి గంట తర్వాత చూడండి. అంగుళం కన్నా తక్కువ దిగితే అక్కడ గొయ్యిలో నాటొద్దు, గట్టు పోసి దాని మీద నాటండి. అడుగు ఎత్తు, పైన రెండడుగుల వెడల్పు, పక్కన వాననీరు పోవడానికి చిన్న బోదె. వంద చదరపు అడుగుల మడిని అడుగు ఎత్తు లేపడానికి వంద ఘనపుటడుగుల మట్టి కావాలి. లంక ఒండ్రు దొరికితే చాలా మంచిది. జిగటమట్టిలో కాస్త ఇసుక కలిపితే సరిపోతుందనుకోవద్దు. కొంచెం ఇసుక వేస్తే అది ఇటుకలా గట్టిపడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువు, ఆకు చెత్త కలిపితేనే గుల్లబారుతుంది.

కోనసీమలో కొబ్బరి పొట్టు చవకగా దొరుకుతుందని పచ్చిదే కలిపేస్తారు. అది కుళ్లే క్రమంలో నేలలోని నత్రజనిని లాగేసుకుని మొక్కను పాలిపోయేలా చేస్తుంది. చివికినదే వాడండి. మిల్లు ఊక బూడిద విషయంలో ఇంకా జాగ్రత్త: అది క్షారం. నూరువరహాలు, గార్డెనియా మొదళ్ల దగ్గర బూడిద వేస్తే ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య ఆకు పసుపెక్కుతుంది. కొత్త ఇంటి గోడ పక్కన రాలిన సిమెంటు, సున్నం వల్ల వచ్చేదీ ఇదే జబ్బు. అడుగు లోతు శిథిలాలు తీసి మట్టి మార్చండి. ఈలోగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట పది రోజులకోసారి రెండు మూడుసార్లు ఆకుల మీద చల్లండి.

కంచె నాటడం

కవరు నిలువుగా కోసి తీయండి. చుట్టలు తిరిగిన వేళ్లను చేతివేళ్లతోనే విడదీయండి, లేకపోతే రెండేళ్ల తర్వాత కూడా అదే చుట్టలో ఉంటాయి. మట్టిముద్ద పైభాగం గట్టు కన్నా రెండంగుళాలు ఎత్తుగా ఉండాలి, కొన్నాళ్లకు అది దిగుతుంది. కాండం మొదట్లో మట్టి ఎగదోయడం వల్ల చచ్చే మొక్కలు తక్కువేమీ కాదు.

ఎడం: మినీ నూరువరహాలు తొమ్మిది అంగుళాలు, కామినీ అడుగున్నర, నందివర్ధనం రెండడుగులు. దట్టంగా కావాలంటే ఒకే వరుసలో కుక్కకుండా, రెండు వరుసలు ఎదురు బెదురుగా పెట్టండి. నాటిన నెలకు, వేరు పట్టాక, మూడోవంతు తల కత్తిరించండి. తర్వాత ఆరంగుళాలు పెరిగినప్పుడల్లా ఆ కొత్త పెరుగుదలలో సగం తీసేయండి. కంచె అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. పైన వెడల్పయితే అడుగుకు ఎండ తగలక మొదళ్లు బోడివవుతాయి. ఒకసారి బోడయ్యాక సరిచేయడానికి ఏళ్లు పడుతుంది.

ఎప్పుడు నాటాలన్నది చోటును బట్టి. మెరక మీదైతే మృగశిర వానలు నేలను తడిపాక. శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా నీరు నిలిచే పల్లంలో, తుపానులు వెళ్లాక డిసెంబరులో నాటండి. వేసవిలో కాలువలు కట్టేసేలోగా మొక్కకు మూడు నాలుగు నెలలు దొరుకుతాయి. కాలువలు కట్టేసిన ఆ వేసవిలో తీరం మండలాల్లో బోరు నీరు ఉప్పెక్కుతుంది: ఆకు కొసలు కాలినట్టు ఎండటం, మట్టి మీద తెల్లపొర దాని గుర్తులు. రోజూ కొంచెం కొంచెం పోస్తే ఉప్పు పేరుకుంటుంది, నాలుగు రోజులకోసారి నిండుగా పోయండి. మొక్క మొదలు చుట్టూ కొబ్బరి డొక్కలు పరిస్తే చెమ్మ ఆగుతుంది.

నేల పరుచుకునేవి

నర్సరీలో ముందుగా చేతికిచ్చేది వెడీలియా. ఎదురెదురు ఆకులు మూడు మొనలుగా చీలి, పసుపు చామంతిలాంటి చిన్న పూలు పూస్తుంది. త్వరగా కమ్ముకుంటుంది, అదే దాని ప్రమాదం. ప్రపంచంలోని వంద చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఇది ఉంది. కణుపు ముక్క తడి తగిలితే చాలు వేరేస్తుంది. కాలువ గట్టు మీద దీన్ని నాటొద్దు, కత్తిరించిన ముక్కలు కాలువలోకి విసరొద్దు. దయచేసి ఈ ఒక్క మాట పట్టించుకోండి, నీళ్లతో పాటు అది కింది ఊళ్ల గట్లకు చేరుతుంది. అదే పసుపు పువ్వు కావాలంటే మన పసుపు గుంటగలగర ఉంది. దాని ఆకు చీలదు, సన్నగా పొడవుగా ఉంటుంది.

ఎండ ఉన్న చోటుకు మా మొదటి ఎంపిక బొక్కెన. వరి గట్ల మీద పాకే మొక్కే. గరిటెలాంటి చిన్న ఆకు, పైసగం అంచుకు మాత్రమే పళ్లు, పొడుగు కాడ మీద గుండీ అంత తెలుపు–ఊదా పూగుత్తి. నీరు నిలిచినా, ఉప్పుకైనా, అప్పుడప్పుడు తొక్కినా తట్టుకుంటుంది. పూలకు తేనెటీగలు వస్తాయి కాబట్టి పిల్లలు చెప్పుల్లేకుండా ఆడే చోట పూత కత్తిరిస్తుండాలి. సముద్రపు ఇసుకకైతే బాలబంద తీగ ఉండనే ఉంది.

కొబ్బరి చెట్ల కింద వడపోసిన వెలుతురుంటుంది. అక్కడ ఆరాకిస్ (వేరుశనగలాగే నాలుగు ఆకులు, పసుపు పువ్వు, నత్రజనిని నేలలో నిలుపుతుంది), సింగోనియం, స్పైడర్ లిల్లీ, రియో బాగుంటాయి. చెట్టు చుట్టూ ఆరడుగుల లోపల పారతో లోతుగా తవ్వకండి, కొబ్బరి పనిచేసే వేళ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. అక్కడ కణుపులు గుచ్చితే చాలు. మట్ట పడితే నలిగేవి కాకుండా మళ్లీ లేచేవి పెట్టండి, ఆరాకిస్, స్పైడర్ లిల్లీ అలాంటివి. బావి పక్క, కుళాయి పక్క చెమ్మనీడకు సరస్వతి ఆకు.

నాటకముందు తుంగ తీయాలి. ఇది తప్పించుకునే పని కాదు. పై ఆకు పీకితే గడ్డ లోపలే ఉండి మళ్లీ లేస్తుంది, నల్ల ప్లాస్టిక్ పరిచినా మొన పొడుచుకొస్తుంది. మడికి నీళ్లు పెట్టి రెండు వారాలు మొలవనిచ్చి, గునపంతో గడ్డతో సహా తవ్వితీయండి. ఇలా మూడుసార్లు. పచ్చని మొక్క పరుచుకున్నాక తుంగ వస్తే విడదీయడం దాదాపు అసాధ్యం.

లెక్క తేలికే. ఆరంగుళాల ఎడంలో చదరపు అడుగుకు నాలుగు, వంద చదరపు అడుగులకు 400 పిలకలు. తొమ్మిది అంగుళాలైతే సుమారు 180, అడుగైతే 100. బొక్కెన, ఆరాకిస్ తొమ్మిది అంగుళాలకు, స్పైడర్ లిల్లీ అడుగుకు చాలు. బొక్కెన, ఆరాకిస్ అయితే మూడు కణుపుల ముక్క తీసుకుని రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చి, చుట్టూ అరచేత్తో అదమండి. రెండంగుళాల మందాన పశువుల ఎరువుకు వంద చదరపు అడుగులకు సుమారు 17 ఘనపుటడుగులు పడుతుంది.

తర్వాత వచ్చే తిప్పలు

నందివర్ధనం, గన్నేరు ఆకులు రాత్రికి రాత్రే మాయమైతే, ముందు భాగంలో రెండు నీలి కళ్లలాంటి మచ్చలున్న లావు పచ్చ గొంగళి పురుగును వెతకండి. చేత్తో ఏరితే సరిపోతుంది, మందు అక్కర్లేదు. మందారం, క్రోటన్ల మీద తెల్లని పిండినల్లి కనిపిస్తే చీమల దారి కూడా చూడండి, చీమలే దాన్ని మోసుకెళ్తాయి. గట్టిగా నీళ్లు కొట్టి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున పడేలా వారానికోసారి మూడుసార్లు చల్లండి.

వానాకాలంలో పచ్చని పరుపు కింద నత్తలు చేరతాయి. సాయంత్రం తడి గోనెసంచి పరిచి, పొద్దున్నే చేతికి తొడుగు వేసుకుని దాని కింద చేరినవాటిని ఏరి ఉప్పునీళ్లలో వెయ్యండి. దట్టమైన మొక్కల్లో పాములూ ఉంటాయి. అరుగుకూ గుమ్మానికీ చుట్టూ రెండడుగులు ఖాళీగా, ఊడ్చి ఉంచండి. దారి వెంట పరుపు నాలుగంగుళాలు దాటకుండా కత్తిరించండి. చీకటి పడ్డాక టార్చి లేకుండా అందులో చెయ్యి పెట్టకండి.