రోజూ డంప్ తీస్తే సరిపోలేదు: పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ మార్చిన అనుభవం

మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి రోజూ రాత్రి పీజీ_డంప్ (డేటాబేస్‌లోని టేబుళ్లను, డేటాను ఒక ఫైలులోకి రాసే టూల్) నడిచేది. డేటా చిన్నగా ఉన్నంతకాలం అది చక్కగా పనికొచ్చింది. పెరిగాక రీస్టోర్ చేసి చూస్తే, డేటా ఎక్కించడం ఒక ఎత్తు, ఇండెక్స్‌లన్నీ (డేటాను త్వరగా వెతికే సూచికలు) మళ్లీ కట్టడం ఇంకో ఎత్తు. పైగా డంప్ మొదలైన క్షణం వరకున్న డేటానే అందులో ఉంటుంది. సాయంత్రం ఒక టేబుల్ పోతే ఆ రోజు ఎంట్రీలన్నీ పోయినట్టే.

అందుకే వారానికోసారి పీజీ_బేస్‌బ్యాకప్‌తో డేటాబేస్ ఫైళ్లన్నిటి కాపీ (బేస్ బ్యాకప్) తీసి, ప్రతి మార్పూ నమోదయ్యే వాల్ ఫైళ్లను ఎప్పటికప్పుడు వేరే మెషిన్‌కి పంపేలా పెట్టాను. ఒక్కో వాల్ ఫైలు మామూలుగా 16 ఎంబీ. అది నిండేదాకా ఆగితే, రద్దీ లేని వేళ చివరి మార్పులు ఇక్కడే ఉండిపోతాయి. కాబట్టి ఫైలు నిండకపోయినా ఎంతసేపటికి పంపాలో చెప్పే ఆర్కైవ్_టైమౌట్‌కి 60 సెకన్లు ఇచ్చాను. కాపీ నిజంగా పూర్తయితేనే ఆ ఫైళ్లను పంపే ఆర్కైవ్_కమాండ్ సున్నా (పని సరిగ్గా అయిందని గుర్తు) తిరిగివ్వాలి. ఇక్కడ అశ్రద్ధ అస్సలు పనికిరాదు, సున్నా చూశాక పోస్ట్‌గ్రెస్ ఆ ఫైలును తీసేయొచ్చు.

తర్వాత టెస్ట్ సర్వర్‌లో ఒక టేబుల్ కావాలనే డ్రాప్ చేశాను. బేస్ బ్యాకప్ మీద వాల్ మార్పులను ఏ క్షణం వరకు ఎక్కించాలో చెప్పే రికవరీ_టార్గెట్_టైమ్‌లో డ్రాప్‌కి నిమిషం ముందు టైమ్ ఇచ్చి, రికవరీ మొదలుపెట్టమని చెప్పే రికవరీ.సిగ్నల్ ఫైలు పెట్టి స్టార్ట్ చేస్తే టేబుల్ మొత్తం వచ్చేసింది! చాలా టెన్షన్ తీరింది.

డంప్ మాత్రం మానలేదు. ఒక్క టేబుల్ వెనక్కి తేవాలంటే అదే సులువు. బేస్ బ్యాకప్ వేరే మేజర్ వెర్షన్‌లో లేవదు, డంప్ అయితే కొత్త వెర్షన్‌లోకి ఎక్కుతుంది. రోల్స్ (డేటాబేస్ యూజర్లు, గ్రూపులు) పీజీ_డంప్‌లో రావు కనుక వాటిని పీజీ_డంప్‌ఆల్‌తో విడిగా తీస్తున్నాను.