బ్రేక్ ఆయిల్‌ను ఎందుకు మార్చాలి, ఎప్పుడు మార్చాలి

అందరూ బ్రేక్ ఆయిల్ అని పిలుస్తున్నా ఆ ద్రవం సాధారణంగా నూనె కాదు. డాట్ (అమెరికా రవాణా శాఖ) ప్రమాణంలోని డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ ఈథర్లనే రసాయనాలతో తయారవుతాయి. వాటికి తేమను పీల్చుకునే గుణం ఉంది. ద్రవం నిల్వ ఉండే రిజర్వాయర్ మూత ఎంత గట్టిగా బిగించినా, రబ్బరు హోసుల గుండా కూడా తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది కాబట్టి, బండి తిరిగినా తిరగకపోయినా ద్రవం పాతబడుతుంది.

నీరు చేరినకొద్దీ ద్రవం మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ప్రమాణం ప్రకారం డాట్ 4 కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, 3.7 శాతం నీరు కలిసిన స్థితిలో ఆ హద్దు 155కు తగ్గుతుంది. డాట్ 3కు ఈ అంకెలు 205, 140. పొడవైన కొండదారిలో దిగుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు చక్రాల దగ్గర బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్లలో ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, మన కాలి ఒత్తిడి చక్రానికి చేరకుండా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చవుతుంది, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. చల్లారాక పెడల్ మళ్ళీ మామూలుగా తోచడం వల్ల చాలామంది అది తమ భ్రమ అనుకొని వదిలేస్తారు. నా దృష్టిలో అసలు ప్రమాదం అదే. పైగా నీటి వల్ల పెడల్ ఒత్తిడిని ద్రవానికి అందించే మాస్టర్ సిలిండర్, కాలిపర్ పిస్టన్లు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఖరీదైన ఏబీఎస్ యూనిట్ లోపలినుంచి తుప్పు పడతాయి.

చాలా వాహనాలకు రెండేళ్ళకోసారి మార్చడం సరైన అలవాటు. బండి మాన్యువల్‌లో వేరే గడువు ఉంటే దాన్నే పాటించాలి. రంగు చూసి నిర్ణయించడం పొరపాటు, ఎందుకంటే తేటగా కనిపించే ద్రవంలోనూ నీరు ఉండవచ్చు. ద్రవంలోని నీటి శాతాన్ని చూపే టెస్టర్ పెన్ను కూడా రిజర్వాయర్‌లోని ద్రవం గురించే చెబుతుంది, చక్రం దగ్గరి ద్రవం గురించి కాదు. మట్టం తగ్గితే పైపైన పోసి ఊరుకోకూడదు; ప్యాడ్లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో ముందు చూడాలి.

మార్చేటప్పుడు రిజర్వాయర్ మూతపై రాసిన రకాన్నే, సీలు తీయని డబ్బాలోంచి వాడాలి. సిలికోన్‌తో చేసిన డాట్ 5ను మిగతావాటితో ఎన్నడూ కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ పొరపాటున కొద్దిగా పడినా రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి.

మాన్యువల్ చెప్పిన వరుసలో ఒక్కో చక్రం దగ్గర ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని రెండో కొనను కొంచెం కొత్త ద్రవం పోసిన సీసాలో ముంచి ఉంచాలి. ఒకరు పెడల్‌ను నెమ్మదిగా నొక్కి పట్టుకుంటే రెండోవారు నిపుల్‌ను కొద్దిగా వదులు చేయాలి. దాన్ని తిరిగి బిగించాకే పెడల్‌పై కాలు తీయాలి. గొట్టంలో ముదురు గోధుమ రంగు క్రమంగా పలచబడి, బుడగలు లేని లేత తేనె రంగు ధార కనిపించేదాకా ఇలా చేయాలి. ఈలోగా రిజర్వాయర్ ఖాళీ అయితే గాలి చొరబడి శ్రమంతా వృథా అవుతుంది కాబట్టి మధ్యమధ్యలో నింపుతూ ఉండాలి. కొన్ని ఏబీఎస్ వాహనాలకు, బండి కంప్యూటర్‌కు తగిలించే స్కాన్ టూల్ అవసరమవుతుంది. అలాంటివాటిని మెకానిక్‌కు అప్పగించడమే మేలు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది. బండిని రోడ్డెక్కించే ముందు, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను నొక్కి పట్టుకొని, అది గట్టిగా నిలబడుతోందో లేదో, నిపుళ్ళ దగ్గర చెమ్మ ఉందో లేదో చూసుకోవాలి.