కోళ్లు రాలుతుంటే కొక్కెర తెగులే అని తేల్చేయకండి

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. మరుసటి నెలలో పల్నాడులో రెండేళ్ల పాప అదే బర్డ్ ఫ్లూ వైరస్, హెచ్5ఎన్1తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఇంత జరిగినా మా పాతపట్నం, పర్లాకిమిడి పక్క ఊళ్లలో కోళ్లు పడిపోతే వినబడేది ఒకటే మాట: "కొక్కెరే, ఏటా వచ్చేదే."

కొంపలు ముంచేది ఆ మాటే. కొక్కెర, అంటే రాణిఖేత్ అనే వైరస్ రోగం తగిలిన కోడి నోరు తెరిచి ఎగపోస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది, రెక్కలు వేలాడేస్తుంది, చూస్తుండగానే చస్తుంది. బర్డ్ ఫ్లూలోనూ అంతే. మెడ మెలితిరిగితే కొక్కెర, తురాయి నీలంగా మారితే ఫ్లూ అని సంతలో పెద్దమనుషులు చెబుతుంటారు. రెండు గుర్తులూ రెండు రోగాల్లోనూ కనబడతాయి. కోసి చూసినా పొట్టలో అవే రక్తపు చుక్కలు.

రోగం తీవ్రతను చావుల లెక్కతో కొలవడం ఇంకో పొరపాటు. టీకా లేని మందలో రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అయితే తీవ్రమైన వైరస్సేనని అనుమానించాలి, నిజమే. కానీ టీకా పడ్డ మందలో అదే వైరస్ ఒకటి రెండు కోళ్లతో సరిపెట్టుకోవచ్చు. మిగిలినవి హాయిగా మేస్తూ రెట్టలో దాన్ని విడుస్తుంటాయి. రాణిఖేత్ తీవ్రత తేల్చడానికి ల్యాబ్‌లో పిండమున్న గుడ్లలోకి వైరస్‌ను ఎక్కిస్తారు. పిండాలు 60 గంటల్లోపు చస్తే అతి తీవ్రం, 90 దాటితే తేలికపాటిది. ఫ్లూ అయితే భోపాల్‌లోని జాతీయ పశురోగాల ల్యాబ్ నిర్ధారించాల్సిందే. మన కంటిచూపుకు అంత సత్తా లేదు.

కొక్కెర టీకాలు ముందే వేయించండి: తొలి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్2బి. ఐస్ మీద తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పడకేసిన మందకు టీకా వేస్తే బాగుపడదు.

చావులు మొదలైతే 1962కు ఫోన్ చేయండి, లేదా పశువుల డాక్టరును పిలవండి.

మిగిలినవాటిని సంతకు తోలకండి. సైకిల్ హ్యాండిల్‌కు కాళ్లు కట్టి పర్లాకిమిడి దాటించే పది కోళ్లు చాలు, అవతలి ఊళ్లూ ఖాళీ.

కొక్కెరే అనుకుని కోసుకోకండి.

చుట్టాలకు పంచకండి.

చచ్చినవాటిని గెడ్డలో, అంటే వాగులో పారేయకండి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

కొక్కెరే అని పక్కింటివాళ్లకూ చెప్పకండి, వాళ్లు కోసుకుంటారు.

ఆ ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకు ముందు కోళ్ల సంగతి చెప్పండి.